బడిపిల్లలకు తోటివారి ఆసరా: మేలుకీడుల నిర్ణయము

బిడ్డకు జ్వరము వచ్చినచో నుదుట చేయి వేసి తెలిసికొందుము. కాలు విరిగినచో కంటితో చూతుము. మనస్సు క్రుంగినచో ఎట్లు తెలిసికొనగలము? బిడ్డ బడికి పోవుచునే యుండును, కంచము ముందు కూర్చుండుచునే యుండును. ఏమైనదిరా అని యడిగినచో ఏమియు లేదనును. తల్లికి చెప్పని మాట, ఉపాధ్యాయునికి చెప్పని మాట, ఒక్కొక్కప్పుడు ప్రక్క బల్లమీది తోటివానికి చెప్పును. ఈ యనుభవమును ఆధారముగా గొని, బడులలో కొందఱు విద్యార్థులకు శిక్షణ యిచ్చి, తోటివారి మనోవ్యథను గుర్తించి ఆదుకొనుటకు వారిని నియమించు పద్ధతి ఈ కాలమున అనేక దేశములలో వ్యాపించినది. మన దేశమునను ప్రవేశించినది. ఇది మంచిదేనా? మంచిదైనచో ఎంత మంచిది? దానిని తెలియుట యెట్లు? పలాస, టెక్కలి ప్రాంతముల పెద్దలు ఈ ప్రశ్నలను తామే వేసికొని తామే తేల్చుకొనుటకు తోడ్పడు విషయములు కొన్ని నేడు మనవి చేసెదను.

మొదట మన తీరపు బిడ్డల సంగతి చూతము. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలములలోని కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలవలననే ఈ సీమకు ఉద్దానమను పేరు వచ్చినదని చెప్పుదురు. 2018 అక్టోబరు 11వ తేది తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు సమీపమున తీరము దాటి ఆ తోటలను నేలకూల్చినది. కొబ్బరిమొక్క నాటిన పిదప కాపునకు వచ్చుటకు ఐదాఱేండ్లయినను పట్టును. ఆనాడు పలక పట్టిన బిడ్డ నేడు ఉన్నత పాఠశాలలో నున్నాడు. తోట తిరిగి లేచుటయు, ఆ బిడ్డ పెరుగుటయు ఒకే కాలమున జరిగినవి. తుపాను నాటికే మూత్రపిండముల వ్యాధి ఈ గ్రామములను పీడించుచుండెను. దశాబ్దములు గడచినను ఆ వ్యాధికి మూలకారణము ఇదమిత్థమని శాస్త్రజ్ఞులు తేల్చలేకపోయిరి. 2023 డిసెంబరు 14వ తేదిని పలాసలో ఈ వ్యాధి కొఱకే 200 పడకల ఆసుపత్రియు, పరిశోధనకేంద్రమును ప్రారంభింపబడినవి. తండ్రి వారమునకు రెండు మూడు మాఱులు డయాలిసిస్ అను రక్తశుద్ధి చికిత్సకు పోవుచు, తల్లి పలాసలో జీడిపిక్కలు ఒలుచు పనికి పోవుచుండగా, పదునాలుగేండ్ల బిడ్డ తమ్ముని సాకుచు చదువుకొను ఇండ్లు మనకు క్రొత్త గావు. తీరపు పల్లెలలో తండ్రులు గుజరాతునందలి వేరావలు రేవునకు చేపలవేటకై పోయి నెలల తరబడి అక్కడనే యుండుటయు మన మెఱిగినదే.

ఇంతటి బరువు మోయు బిడ్డలందఱును రోగులని నా యభిప్రాయము కాదు. దుఃఖము వేఱు, రోగము వేఱు. పరీక్ష ముందు భయము, తండ్రికి జబ్బు చేసినపుడు దిగులు సహజములు. ఆ దిగులు వారములు గడచినను తీరక, నిద్రను, ఆకలిని, చదువును, ఆటను మ్రింగివేయునపుడు సహాయము కావలెను. 2015, 2016 సంవత్సరములలో బెంగుళూరు నందలి నిమ్హాన్స్ సంస్థ దేశములోని 12 రాష్ట్రములలో జరిపిన సర్వే, 13 మొదలు 17 ఏండ్లలోపు వారిలో నూటికి 7.3 మందికి ఏదో యొక మానసిక రుగ్మత గలదని లెక్క కట్టినది. ఆ లెక్కన 300 మంది చదువు ఉన్నత పాఠశాలలో ఇరువది మందికి పైగా ఉందురు. వారి యందు ఎందఱు వైద్యుని ముఖము చూచియుందురో మీరే యూహింపుడు. 2019 ఏప్రిలు నెలలో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు తప్పులతో వెలువడినపుడు ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఇట్టి చావునకు ఒక్క కారణమే యుండునని చెప్పరాదు. కాని ఆ బిడ్డల బాధ సమయమునకు ఒకరి చెవిని బడియుండినచో అను చింత మనలను వదలదు.

ఈ చింత నుండియే తోటివారి ఆసరా అను ఆలోచన పుట్టినది. మన దేశమున 2014 జనవరి 7వ తేదిని ప్రారంభమైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమము, వేయిమంది జనాభాకు ఇద్దఱు బాలురను, ఇద్దఱు బాలికలను తోటి యుపదేశకులుగా ఎన్నుకొనుటకు ఏర్పాటు చేసినది. 2020లో ఆయుష్మాన్ భారత్ క్రింద ఆరంభమైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమము ప్రకారము బడికి ఇద్దఱు ఉపాధ్యాయులు ఆరోగ్య రాయబారులు. తరగతి నాయకులు వారి సందేశవాహకులు. ఆ కార్యక్రమమున బోధింపవలసిన 11 విషయములలో మనస్స్వాస్థ్య మొకటి. ఇట్లు తోటివారికి సాయపడు పిల్లలను ఈ ప్రసంగములో తోడు విద్యార్థులని పిలిచెదను.

తోడు విద్యార్థి చేయవలసిన పనులు మూడే. దిగులుగా ఒంటరియైన తోటివానిని గమనించుట. వాడు చెప్పినది తొందరపడక, హేళన చేయక వినుట. అవసరమైనపుడు వానిని నమ్మకమైన పెద్దవారి యొద్దకు తోడ్కొని పోవుట. వైద్యము చేయుట వాని పని కాదు. నదికి ఈవలి యొడ్డున బాధపడు బిడ్డ. ఆవలి యొడ్డున ఉపాధ్యాయుడో, సలహాదారో, వైద్యుడో ఉందురు. తోడు విద్యార్థి నడుమనుండు వంతెన. ఆవలి యొడ్డున ఎవ్వరును లేనిచో వంతెన యెంత చక్కగా కట్టినను వ్యర్థమే.

ఇంత మంచి పనికి పరీక్ష యెందుకు, పుణ్యకార్యమును సందేహింప వచ్చునా అని కొందఱు అడుగవచ్చును. దీనికి జవాబుగా అమెరికాలో జరిగిన ఒక సంగతి వినుడు. మసాచుసెట్సు రాష్ట్రమున కేంబ్రిడ్జి, సోమర్‌విల్ అను రెండు పట్టణములు గలవు. చెడుదారి పట్టగలరని తోచిన బాలురను బాగుచేయుటకై 1939లో అక్కడ ఒక గొప్ప ప్రయత్నము మొదలైనది. సుమారు 500 మంది బాలురను జతలు జతలుగా విడదీసి, జతలో నొకనికి సాయము చేసి, రెండవవానిని వాని దారిని విడిచిరి. సాయము పొందినవారి యిండ్లకు సలహాదారులు పోయిరి, చదువు చెప్పించిరి, వైద్యము చేయించిరి, వేసవి శిబిరములకు పంపిరి. ఈ పని 1945 వఱకు సాగెను. ముప్పది యేండ్ల పిమ్మట జోన్ మెకార్డు అను పండితురాలు వారి నందఱిని వెదకి, ఏమైరో విచారించి 1978లో ప్రకటించినది. సాయము పొందినవారిని అడుగగా మూడింట రెండు వంతులమంది అది తమకు మేలు చేసినదనిరి. కాని రెండు పక్షముల జీవితములను ప్రక్క ప్రక్కన పెట్టి చూడగా, సాయము పొందినవారే త్రాగుడునకును, పలుమాఱు నేరములు చేయుటకును, అకాల మరణమునకును ఎక్కువగా లోనై యుండిరి. చెడుదారి పట్టగల బాలురను వేసవి శిబిరములలో ఒకచోట చేర్చుటవలన ఒకరి నుండి మఱియొకరు చెడు నేర్చుకొనిరేమో యని తరువాతి పరిశోధకులు సందేహించిరి.

ఈ కథలో మనకు రెండు పాఠము లున్నవి. సత్సంకల్పము ఫలితమునకు పూచీ కాదు. మేలు పొందితిమని పొందినవారు చెప్పిన మాత్రమున మేలు జరిగినట్లు కాదు. సాయపడినవారి యెడ కృతజ్ఞత మానవ స్వభావము. కృతజ్ఞతను కొలుచుట వేఱు, ఫలితమును కొలుచుట వేఱు.

మఱి ఫలితమును కొలుచుట యెట్లు? కొబ్బరితోటను తలచుకొనుడు. ఒక రైతు క్రొత్త యెరువు వేసెను. మరుసటి యేట కాయ యెక్కువ కాసెను. అది ఎరువు గొప్పతనమా? ఆ యేడు వాన బాగుగా కురిసియుండవచ్చును. అందుచేత తెలివిగల రైతు అదే నేలలో, అదే వయస్సు చెట్లు గల మడులు రెండు చూచి, ఒక దానికి ఎరువు వేసి, రెండవదానికి వేయక చూచును. వాన రెంటిపై నొక్కటే కురిసినది, ఎండ యొక్కటే కాసినది. కాపులో భేదమున్నచో అది ఎరువువలననే. ఏ మడికి ఎరువు వేయవలెనో తాను ఎన్నుకొన్నచో మంచి మడినే ఎన్నుకొనును గనుక, చీటి వేసి నిర్ణయించుట న్యాయము. బడుల విషయమునను ఇంతే. ఆసరా కార్యక్రమము కలిగిన బడులను, లేని బడులను చీటి వేసి విడదీసి, ముందు ఒకమాఱు, తరువాత ఒకమాఱు కొలిచి, రెంటిని పోల్చవలెను.

పోలిక లేని లెక్క యెట్లు మోసగించునో చూడుడు. పదవ తరగతి పిల్లలను మార్చి నెలలో, పరీక్షల నడుమ, మీ మనస్సెట్లున్నదని యడిగిన, సగముమంది బాగులేదందురు. సెలవులు గడచి జూన్‌లో అడిగిన, చాలమంది బాగున్నదందురు. నడుమ తోడు విద్యార్థులకు శిక్షణ యిచ్చియున్నచో ఆ కీర్తి వారికే దక్కును. నిజమునకు పరీక్షలు ముగియుటయే వారికి వైద్యమైనది.

ఇట్టి పోలికతో మన దేశమున జరిగిన పరీక్ష యొకటి గలదు. బీహారు రాష్ట్రమున నాలందా జిల్లాలో సేహర్ అను పేర 74 ఉన్నత పాఠశాలలలో జరిగినది. దాని ఫలితములు 2018లో ప్రకటింపబడినవి. ఆ బడులను చీటి వేసి మూడు పక్షములు చేసిరి. ఒక పక్షమున వైద్యులు గాకున్నను శిక్షణ పొందిన సామాన్య సలహాదారులు బడికొకరు పనిచేసిరి. రెండవ పక్షమున అదే పనిని బడిలోని ఉపాధ్యాయునకే అప్పగించిరి. మూడవ పక్షమున పూర్వపు పద్ధతియే. ఆ కార్యక్రమమున గోడపత్రిక, పిల్లల బృందములు, పేరు లేకుండ తమ బాధను వ్రాసి వేయుటకు ఒక పెట్టె, ఒంటరిగా మాట్లాడుటకు అవకాశము ఉండినవి. ఆ విద్యాసంవత్సరము ముగియునప్పటికి సలహాదారులున్న బడులలో దిగులు తగ్గినది. కొట్లాటలు, ఏడిపింపులు తగ్గినవి. బడి మీద పిల్లలకు ప్రీతి పెరిగినది. ఉపాధ్యాయులకు అప్పగించిన బడులలో మాత్రము ఏమియు చేయని బడులకంటె భేదము కనబడలేదు. పుస్తకము ఒక్కటే, పని ఒక్కటే; చేయు మనిషి మాఱినంతనే ఫలితము మాఱినది. పాఠముల బరువు, మార్కుల యధికారము చేతనున్న మనిషికి బిడ్డ తన మనస్సు విప్పుట కష్టమని దీనివలన మనము ఊహింపవచ్చును.

ఐరోపాఖండములోని 10 దేశములలో 168 బడులకు చెందిన 11,110 మంది విద్యార్థులతో జరిగిన మఱియొక పరీక్ష 2015లో వెలువడినది. అందు విద్యార్థులే తమలో తాము వేషములు ధరించి, బాధలో నున్న స్నేహితుని ఎట్లు పలుకరింపవలెను, సహాయము ఎక్కడ అడుగవలెను అని ఆడి చూపి చర్చించుకొను పద్ధతి యొకటి. ఉపాధ్యాయులకు గుర్తుపట్టుట నేర్పు పద్ధతి మఱియొకటి. ఏడాది తరువాత చూడగా, మొదటి పద్ధతిని అనుసరించిన బడులలో ఆత్మహత్యా ప్రయత్నములు ఇతర బడులలోకంటె సగమునకు తగ్గియుండెను. రెండవ పద్ధతివలన చెప్పుకోదగిన భేదము కలుగలేదు. పిల్లలను ప్రేక్షకులుగాక పాత్రధారులుగా చేయుటలో బలమున్నదని దీనివలన తెలియుచున్నది.

తోడు విద్యార్థులను ఎవరు ఎన్నుకొనవలెనను ప్రశ్నకు ఇంగ్లండు, వేల్సులలో 59 బడులలో జరిగిన పరీక్ష కొంత జవాబు చెప్పును. అది పొగత్రాగుడును గూర్చినది, 2008లో వెలువడినది. అందు తరగతిలో ఎవరి మాటకు విలువ యున్నదో పిల్లలనే యడిగి, వారు చెప్పిన వారికే శిక్షణ యిచ్చిరి. మొదటి మార్కు వచ్చువాడును, ఉపాధ్యాయునికి ఇష్టుడును గాక, తుంటరియైనను నలుగురు వినువాడు ఎన్నికయ్యెను. ఏడాది తరువాత ఆ బడులలో పొగత్రాగు పిల్లలు తక్కువగా ఉండిరి. తరగతి నాయకుడే తోడు విద్యార్థి యనుచోట ఈ సంగతి మనము తప్పక తలచుకొనవలెను.

ఐనను మంచి వార్తలనే చెప్పి ముగించుట న్యాయము కాదు. యునైటెడ్ కింగ్‌డములో 85 బడులలో పిల్లలకు ధ్యానము నేర్పిన ఒక గొప్ప పరీక్ష 2022లో వెలువడినది. సామాన్య పాఠముల కంటె అధికమైన మేలేమియు దానివలన కనబడలేదు. తోటివారి ఆసరా పైననే అంతకుముందు జరిగిన పరిశోధనలను 2021లో ఇంగ్లండు పరిశోధకులు కూర్చి చూచిరి. తగిన పోలిక గలవి మిక్కిలి కొద్దిగానే దొరికినవి. వానిలో సాయము చేసిన పిల్లలకు ఆత్మగౌరవము పెరిగినట్లు తేలినది. కాని ఒక పరిశోధనలో వారి మనస్సున అపరాధభావము హెచ్చినది. సాయము పొందిన పిల్లలలో కొందఱికి ధైర్యము పెరిగినది. ఒకచోట చదువు బెంగ పెరిగినది. కనుక ఈ పద్ధతిని సర్వరోగనివారిణి యనుటయు తప్పు, పనికిరాదనుటయు తప్పు. ఎవరు, ఎట్లు, ఎవరి యండతో చేయుదురనుటను బట్టి ఫలితముండును.

అపరాధభావమను మాటయొద్ద ఒక్క క్షణము ఆగుదము. పదునాలుగేండ్ల బాలిక యొకతెకు ఆమె స్నేహితురాలు, బ్రదుకవలెనని లేదు, ఎవరికిని చెప్పవద్దు అని చేతిలో చేయి వేయించుకొన్నదనుకొనుడు. ఆ బాలిక చెప్పినచో స్నేహద్రోహము, చెప్పనిచో ప్రాణద్రోహము. రాత్రియంతయు ఆ బరువు ఆమె గుండెపైననే. ఏ పెద్దవారును అండ లేని చోట ఇట్టి పనిని బిడ్డ నెత్తిన పెట్టుట సాయము కాదు. మన పనిని తప్పించుకొనుటయే. కనుక మొదటి నాడే నేర్పవలసిన నియమ మేదనగా: స్నేహితుల మాట దాచవచ్చును, ప్రాణాపాయము గల మాటను, ఒకరు హింసించుచున్నారను మాటను దాచరాదు, ఆనాడే పెద్దవారికి చెప్పవలెను. ఈ నియమమును బడి యంతటికి ముందే చాటినచో చెప్పిన బాలిక ద్రోహి కానేరదు. చావు తలపు గలదా యని మెల్లగా అడిగినంత మాత్రమున లేని తలపు పుట్టదని పరిశోధనలు తేల్చినవి. ఆ ప్రశ్నను పెద్దలు అడుగవలెను. దానిని పిల్లల మీద నెట్టరాదు.

ఇక కొలత. ఎన్ని సభలు జరిగినవి, ఎందఱికి శిక్షణ యిచ్చిరి, ఎన్ని కాగితములు పంచిరి అను లెక్కలు పని జరిగినదని చెప్పును గాని మేలు జరిగినదని చెప్పవు. దిగులును కొలుచుటకు తొమ్మిది ప్రశ్నల పట్టిక యొకటి లోకమంతట వాడుకలో నున్నది. గడచిన రెండు వారములలో నిద్ర, ఆకలి, ఉత్సాహము, ఏకాగ్రత మొదలగునవి ఎట్లున్నవని అడిగి, ఒక్కొక్క జవాబునకు సున్న మొదలు మూడు వఱకు వేసి, 27కు మొత్తము కట్టుదురు. దీనిని శిక్షణ పొందిన పెద్దవారే, తల్లిదండ్రుల యనుమతితో, ఏకాంతముగా అడుగవలెను. తొమ్మిదవ ప్రశ్నకు అపాయకరమైన జవాబు వచ్చినచో ఆ పూటనే సాయము చూపవలెను.

ఎవరిని కొలిచినారనునది మఱియొక ముఖ్య విషయము. పలాస వర్తకుడు బస్తా మూతి దగ్గఱి గుప్పెడు చూచి జీడిపప్పునకు వెల కట్టడు. నడుమనుండి, అడుగునుండి తీసి గుండెన్ని, బద్దయెన్ని, ముక్కయెన్ని అని చూచును. బడిలో ఆనాడు హాజరైన పిల్లలను మాత్రమే అడుగుట మూతి దగ్గఱి గుప్పెడు చూచుటయే. తల్లికి జబ్బు చేసి బడి మానిన బాలిక, తండ్రి వెంట వలస పోయిన బాలుడు, ఎవరితోను కలియక వెనుక బల్లపై నుండు బిడ్డ - ఆసరా ఎవరికి ఎక్కువ కావలెనో వారే లెక్కకు అందరు. వారి పేర్లు హాజరుపట్టీలో వెదకి, ఇంటికి పోయి యడిగినపుడే లెక్క పూర్తియగును.

ఇంకొక పొరపాటు. కార్యక్రమము మొదలైన యేడు, మాకు బాధగా నున్నది, సాయము కావలెనని వచ్చు పిల్లల సంఖ్య పెరుగవచ్చును. అది చూచి, ఇది వచ్చిన తరువాతనే పిల్లలకు పిచ్చియెక్కినదని కొందఱు అందురు. కాదు. ఆసుపత్రి తెఱచిన యేడు ఊరిలో రోగులు పెరిగినట్లు కనబడుటవంటిదే యిది. దాగిన బాధ బయటికి వచ్చినది. ముందు చూడవలసినది ఎందఱు వచ్చిరని. తరువాత వారిలో ఎందఱు పెద్దవారియొద్దకు చేరిరని, ఎన్ని దినములలో చేరిరని. చివరకు ఏడాదికి వారి స్థితి యేమైనదని. తోడు విద్యార్థుల నిద్ర, చదువు, ఉత్సాహము ఎట్లున్నవో కూడ ఆ లెక్కలో వేఱుగా నుండవలెను.

ఈ విషయమున మీ యధికారము చిన్నది కాదు. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ ప్రాథమిక విద్యాలయముల నిర్వహణ సంఘములలో నూటికి 75 మంది తల్లిదండ్రులే యుండవలెను. ఉన్నత పాఠశాలలందును గ్రామ పెద్దల మాటకు విలువ గలదు. కనుక మీ యూరి బడిలో ఇట్టి కార్యక్రమము పెట్టినపుడు ఈ యైదు ప్రశ్నలు అడుగుడు.

మొదటిది: తోడు విద్యార్థులను ఎవరు ఎన్నుకొనిరి? పిల్లలే ఎన్నుకొనిరా? బాలురతోపాటు బాలికలు, నడియూరి వారితోపాటు తీరపు పల్లెల వారు, అన్ని పేటల వారు ఉన్నారా?

రెండవది: వారికి ఎవరి యండ గలదు? శిక్షణ ఒక్కనాటితో ముగిసినదా, పక్షమునకో మాసమునకో వారిని కూర్చుండబెట్టి వారి కష్టసుఖములు వినువారు గలరా?

మూడవది: అపాయకరమైన మాట వినబడిన నాడు అది ఎవరి చెవికి, ఎంతసేపటిలో చేరును? ఆవలి యొడ్డున ఎవరున్నారు? 2025 జులై 25వ తేదిని సుప్రీంకోర్టు, విశాఖపట్టణమున ఒక విద్యార్థిని మరణించిన వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, నూఱుమంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు అర్హత గల సలహాదారు నొకరినైనను నియమింపవలెననియు, అంతకు తక్కువ యున్నవి బయటి వైద్యులతో నికరమైన ఏర్పాటు చేసికొనవలెననియు ఆదేశించినది. మీ బడిలో ఆ మనిషి ఎవరో పేరు అడుగుడు. 2022 అక్టోబరు 10వ తేది మొదలు టెలిమానస్ అను ఉచిత సేవ పనిచేయుచున్నది. 14416 సంఖ్యకు టెలిఫోను చేసిన రేయింబవళ్లు తెలుగులో మాట్లాడువారు దొరకుదురు. ఆ సంఖ్య బడి గోడపై నున్నదా చూడుడు.

నాలుగవది: తోడు విద్యార్థుల క్షేమము చూచువారెవరు? వద్దనుకొన్నవాడు సిగ్గుపడకుండ తప్పుకొనవచ్చునా?

ఐదవది: ఫలితమును దేనితో పోల్చి చెప్పుచున్నారు? పలాస, టెక్కలి ప్రాంతములలో పండ్రెండు బడులు ముందుకు వచ్చినవనుకొందము. ఒకే యేడు అన్నిటికి శిక్షణ యిచ్చుట ఎట్లును కుదరదు. చీటి వేసి ఆఱు బడులకు ఈ యేడు, ఆఱింటికి పై యేడు ఇచ్చినచో ఎవరికిని అన్యాయము లేదు. ఆగిన బడులే ఈ యేటికి పోలిక మడి యగును. ఆగిన బడులలో సైతము అపాయములో నున్న బిడ్డకు సాయము ఆపరాదు. సలహాదారు, 14416 సంఖ్య అందఱికి నుండవలసినదే.

ఈ యైదు ప్రశ్నలు అడుగుడు గాని ఆఱవ ప్రశ్న మాత్రము అడుగవలదు: ఎవరి బిడ్డ? మన యూళ్లలో మాట నిలువదు. ఫలానా వారి పిల్లకు మతి బాగులేదట యను మాట రచ్చబండ దాటినచో ఆ పిల్ల పెండ్లి సంబంధము వఱకు పోవును. అది తెలిసిన మఱుక్షణము పెట్టెలో కాగితము పడదు, తోడు విద్యార్థి చెవిలో మాట పడదు, వంతెన కూలినట్లే. పెద్దలకు అంకెలు చెప్పవలెను, పేర్లు చెప్పరాదు. పేరు తెలిసికొనవలసినవారు ఆ బిడ్డకు సాయపడువారును, ఆ యింటి పెద్దలును మాత్రమే. ఇల్లే బిడ్డ బాధకు కారణమైన చోట అక్కడను జాగ్రత్త కావలెను. పిల్లల రక్షణ కొఱకు 1098 సంఖ్య గలదు.

మూత్రపిండముల వ్యాధి మన ప్రాంతమునకు ఒక కఠినమైన పాఠము నేర్పినది. నీరనిరి, మందులనిరి, ఎండలో పని యనిరి. ప్రతివాని నమ్మకము వానికి గట్టిదే. ఐనను నమ్మకము నిజమగునా కాదా యనునది ఓపికతో, పోలికతో, ఏండ్ల తరబడి కొలిచినపుడే తేలును. దేహమున కనబడు వ్యాధికే ఇంత శ్రమ అవసరమైనపుడు, కంటికి కనబడని మనోవ్యథకు మందు కనుగొంటిమని ఒక్క సభతో, ఒక్క ఛాయాచిత్రముతో సంతసించుట ఎట్లు? తోడు విద్యార్థులను ప్రోత్సహింపుడు. వారి మంచితనమును కొనియాడుడు. కాని వారి భుజముల మీద మన బరువును మోపక, వారి వెనుక పెద్దవారు నిలిచిరా లేదా యని చూచి, ఏడాదికొకమాఱు నిజమైన లెక్క అడుగుడు. మేలు జరిగినచో ఆ లెక్కయే దానిని పొరుగూళ్లకు చాటును. జరుగనిచో పద్ధతిని దిద్దుకొనుటకు అదియే దారి చూపును. రెండు విధముల లాభపడునది మన బిడ్డలే.